నల్ల సాక్సుల కట్ట

వీధి గుమ్మం పక్కనున్న పొట్టి స్టూలు మీద కూర్చుని ఆయన సాక్సులు తొడుక్కుంటున్నాడు. మెట్ల కింద సైకిలు సిద్ధంగా ఉంది. కళ్ళద్దాల దుకాణం వెనక గదిలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం ఆయన పని. వంతెన అవతల ఉన్న ఆ దుకాణానికి పెళ్ళికి ముందు నుంచీ సైకిలు మీదే వెళ్తున్నాడు. షుగరు ఉందని తెలిసినప్పుడు డాక్టరు సైకిలు తొక్కడం మంచిదే అన్నాడు. ఆ ఒక్క మాటా పట్టుకుని ఎండనీ వాననీ లెక్కచేయకుండా తొక్కుతూనే ఉన్నాడు.

అద్దం ముందు జుట్టు ముడేసుకుంటున్న కూతురు ఆయన కాళ్ళవైపు చూసింది. ఆ పిల్ల ఒక బడిలో ఆటల టీచరు.

"అవెక్కడివి నాన్నా, కొత్తగా ఉన్నాయి?"

"మీ అమ్మ కట్ట తెచ్చింది. ఇంక నేను పోయేదాకా సాక్సులు కొనక్కర్లేదు."

"పొద్దున్నే ఏం మాటలండీ అవి" అంటూ ఆయన భార్య టిఫిను డబ్బా తెచ్చి స్టూలు పక్కన పెట్టింది.

కూతురు కట్టలోంచి ఒక జత తీసి వేళ్ళతో సాగదీసి పెదవి విరిచింది. ఇవి చెమట పీల్చవనీ, పైన రబ్బరు మరీ బిగుతుగా ఉందనీ, సైకిలు తొక్కే మనిషికి ఇలాంటివి పనికిరావనీ చెప్పింది. ఆటల సామాన్ల దుకాణంలో కొనమని అంతకుముందే ఒకసారి చెప్పి ఉంది కూడా.

"మీ నాన్న తొక్కేది దుకాణానికే అమ్మలూ, పందేలకు కాదు. బూటులో దాక్కునేదానికి అంతంత పోయాలా?" అంది తల్లి. ముగ్గురూ నవ్వుకుని ఎవరి దారిన వాళ్ళు బయల్దేరారు.

ఏ వస్తువు ఎక్కడ చవగ్గా దొరుకుతుందో ఆమెకు తెలిసినట్టు ఆ వీధిలో ఇంకెవరికీ తెలియదు. దుప్పట్లు కొనబోయినా, బకెట్టు కొనబోయినా ఇరుగుపొరుగు ముందు ఆమెను ఓ మాట అడిగి వెళ్ళేవారు. ఆయన ఒక్కడి జీతంతో ఇల్లు నెట్టుకొచ్చిన రోజుల్లో అబ్బిన విద్య అది. ఇప్పుడు పిల్ల సంపాదిస్తోంది, తనూ మధ్యాహ్నాలు పళ్ళ డాక్టరు దగ్గర కూర్చుని వచ్చేవాళ్ళ పేర్లు రాసుకుంటోంది. అయినా బేరం కుదిరిన రోజున ఆమె నడకలో ఓ హుషారు కనిపించేది. మార్కెట్టు బయట చాప మీద పోసి అమ్ముతున్న ఆ నల్ల సాక్సుల్ని కట్టగా తెచ్చిన రోజున కూడా అలాగే వచ్చింది.

కొన్నాళ్ళు గడిచాయి. ఒక ఉదయం ఆమె బట్టలు నానబెడుతుంటే ఒక సాక్సు ముందు భాగం అట్టకట్టుకుపోయి చేతికి తగిలింది. గుడ్డ నల్లగా ఉండటంతో మరకేమీ కనిపించలేదు. బురదేమో అనుకుని నీళ్ళలో నలిపింది. నీళ్ళు ఎర్రగా తిరిగాయి. తడి చేతులతోనే గదిలోకి పరిగెత్తింది.

"ఏమండీ, కాలు చూపించండి."

"ఎందుకు? ఏమీ లేదే" అన్నాడాయన. నిజంగానే ఆయనకు ఏమీ తెలియదు. కాలు పట్టుకుని పైకెత్తి చూస్తే చిటికెనవేలి పక్కన పొక్కు లేచి, చితికి, లోపలి కండ కనిపిస్తోంది. దాన్ని చూసి ఆమె కంటే ఆయనే ఎక్కువ బిత్తరపోయాడు.

ఆస్పత్రిలో పుండు కడిగి కట్టుకట్టారు. భార్య మందులు తేవడానికి బయటికి వెళ్ళినప్పుడు అక్కడి డాక్టరమ్మ ఆయన్ని కళ్ళు మూసుకోమని, సన్నటి ప్లాస్టిక్ తీగతో పాదం మీద అక్కడక్కడా తాకుతూ, తెలిసినప్పుడల్లా చెప్పమంది. ఆయన చాలాసేపు ఏమీ చెప్పలేదు. కళ్ళు తెరిచి చూస్తే తీగ వేలి మీదే ఆనించి ఉంది.

షుగరు వల్ల వేళ్ళలో స్పర్శ తగ్గిపోయిందని డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. సాక్సు కుట్టు ఒరుసుకున్నా, బూటులో రాయి పడినా ఇకమీద కాలు చెప్పదనీ, కంటితో చూసుకోవలసిందేననీ, ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలియాలనీ అంది. సైకిలు మాట అడుగుదామని ఆయన నోటిదాకా వచ్చింది. వద్దంటుందేమోనన్న భయంతో అడగలేదు.

భార్య మందులతో తిరిగొచ్చి ఏమన్నారని అడిగితే, "సాక్సు కుట్టు ఒరుసుకుందట" అన్నాడు. సగం మాటే చెప్పాడు.

ఆ సగం మాట ఇంట్లో చిచ్చు పెట్టింది. సాయంత్రం బడినుంచి వచ్చిన కూతురు కట్టు చూసి, సంగతి విని, చేతిలో సంచి కింద పడేసింది.

"నేను చెప్పానా లేదా అమ్మా? ఆ చెత్త కొనొద్దని చెప్పానా?"

తల్లి కూర్చున్నచోటి నుంచే ఆ సంచిని దగ్గరికి లాక్కుంది.

"చిన్నప్పుడు నాకూ అంతే. రెండేళ్ళు వస్తాయని పెద్ద బూట్లు కొని ముందు దూది కుక్కేదానివి. ఆటల్లో జారి పడితే పిల్లలంతా నవ్వేవాళ్ళు. నీకెప్పుడూ మనుషులకంటే బేరమే ఎక్కువ. ఇంకొన్నాళ్ళు చూడకపోతే నాన్న వేలు తీసేసేవాళ్ళు, తెలుసా నీకు?"

తల్లి లేచి, మిగిలిన సాక్సుల కట్ట తీసుకెళ్ళి చెత్తబుట్టలో వేసి వచ్చి, కూరగాయలు తరుగుతూ కూర్చుంది. ఆయన మంచం మీద కాలు చాపుకుని అన్నీ విన్నాడు. ఒక్క మాటతో ఆపగలిగి ఉండి కూడా, కళ్ళు మూసుకుని నిద్రపోతున్నట్టు పడుకున్నాడు.

ఆయన భయం వేరు. ఆయన అన్నగారికీ ఇదే జబ్బు ఉండేది. కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయని తెలియగానే ఇంట్లోవాళ్ళు ప్రేమకొద్దీ ముందు బజారు మాన్పించారు, తర్వాత మెట్లు దిగడం మాన్పించారు. కిటికీ దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టారు. మనిషి ఆ కుర్చీలోనే నాలుగు మాటలు మాట్లాడటం కూడా మరిచిపోయాడు. కొన్ని నెలలుగా తన వేళ్ళు కూడా తనవి కానట్టు అనిపిస్తున్నప్పుడల్లా ఆయనకు ఆ కుర్చీయే కళ్ళముందు కదిలేది. అందుకే ఎవరికీ చెప్పలేదు. సాక్సుల మీదికి పోయిన నేరం అక్కడే ఉండిపోతే, పుండు మానగానే మళ్ళీ సైకిలెక్కవచ్చనుకున్నాడు.

అయితే ఆ నేరం మోస్తున్నది సాక్సులు కావు, తన భార్య అని తెలియడానికి ఆయనకు ఎన్నాళ్ళో పట్టలేదు.

ఆమెలో మార్పు వచ్చింది. మొదట ఆయన పట్టించుకోలేదు. సబ్బు అయిపోతే ఏది కొనాలో కూతురికి ఫోను చేసి అడిగింది. పక్కింటావిడ తలగడల గురించి అడగడానికి వస్తే, "నాకేం తెలుసమ్మా, తెలిసినవాళ్ళని అడుగు" అని పంపేసింది. బజారుకు వెళ్ళి ఖాళీ సంచితో తిరిగొచ్చిన రోజు కూడా ఉంది. టమాటాలు రెండు రకాలున్నాయట, ఏవి తేవాలో తోచలేదట. ఒంటిచేత్తో ఇల్లు నడిపిన మనిషి టమాటాల ముందు నిలబడి వెనక్కి వచ్చిందని వినగానే ఆయన కంచం ముందు నుంచి లేచిపోయాడు.

సెలవురోజు ఉదయం ముగ్గురూ బల్ల దగ్గర కూర్చున్నారు. కూతురికి అప్పటికి కోపం తగ్గి, తల్లితో ఎలా మాట కలపాలో తెలియక అవస్థపడుతోంది. కట్టు విప్పేస్తారు కదా, నాన్నకు కొత్త సాక్సులు కొందామా అంది.

"నువ్వే కొను అమ్మలూ. నన్ను అడగొద్దు" అంది తల్లి తల ఎత్తకుండా. "నేను ముట్టుకుంటే ఏమవుతుందో అని భయం నాకు."

ఆయన చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"మీ అమ్మ తప్పేమీ లేదు" అన్నాడు. "కుట్టు ఒరుసుకున్న మాట నిజమే. కానీ ఇంకెవరికైనా అయితే మొదటి రోజే మండేది, తీసి అవతల పారేసేవాడు. నాకు మండలేదు. నా వేళ్ళకు ఏమీ తెలియడం లేదు. చాలా రోజులైంది. మొన్నామధ్య మెట్ల మీద చెప్పు జారిపోతే, ఒంటి చెప్పుతో వీధి చివరిదాకా నడిచాను. ఎవరో పిలిచి చెబితే తెలిసింది."

ఇద్దరూ ఆయన వైపే చూస్తున్నారు.

"డాక్టరు ఆ రోజే చెప్పింది. ఇంట్లో చెప్పమంది. నేనే దాచాను. చెబితే సైకిలు తీసేస్తారని, అన్నయ్యలా కుర్చీలో కూర్చోబెడతారని. నువ్వు మీ అమ్మను అన్నన్ని మాటలంటుంటే నిద్ర నటించాను తల్లీ."

కూతురు అమ్మ చెయ్యి పట్టుకోబోయింది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. భర్తతో మెల్లగా అంది.

"పొరపాటు నాదే అనుకుని, మిమ్మల్ని చూడాలంటేనే సిగ్గుపడ్డానండీ ఇన్నాళ్ళూ. పక్కనే ఉండి చూస్తూ ఊరుకున్నారు."

ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. లోపలినుంచి గిన్నెల చప్పుడు కూడా రాలేదు.

కాసేపటికి కూతురే లేచి తలుపు తోసింది. అమ్మ గట్టుకు ఆనుకుని నిలబడి ఉంది. ఆ పిల్ల ఏవేవో చెప్పాలనుకుంది గానీ, "నేనలా అనకుండా ఉండాల్సిందమ్మా" అన్న ఒక్క మాటే నోట వచ్చింది. తల్లి ఆమె తల తన భుజానికి ఆనించుకుంది. "బూట్లలో దూది మాట నిజమే కదా. అది నాకూ గుర్తుంది" అంది. ఏడుస్తూనే ఇద్దరికీ నవ్వొచ్చింది.

బయటికి వచ్చాక ఆమె భర్త ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"బావగారిని అలా కూర్చోబెట్టినప్పుడు వద్దని చెప్పింది నేనొక్కదాన్నే. మీకు గుర్తులేదా? మిమ్మల్ని మాత్రం కూర్చోబెడతానని ఎలా అనుకున్నారు? సైకిలు సంగతి డాక్టరునే అడుగుదాం. ఆవిడ ఏం చెబితే అది. మీ భయమూ కాదు, నా భయమూ కాదు."

కట్టు విప్పిన రోజున ఆమే అడిగింది. డాక్టరు ఆశ్చర్యపోయింది. పుండు పూర్తిగా మానాక నిక్షేపంగా తొక్కవచ్చునంది. మెత్తని సాక్సులు, సరైన బూట్లు వేసుకోవాలి, రోజూ పాదాలు చూసుకోవాలి, అంతే. ఇన్నాళ్ళూ దేనికి భయపడి ఇంత చేశాడో తెలిసి ఆయన తల దించుకున్నాడు. ఆమె ఆ మాటతో ఎత్తిపొడవలేదు.

పుండు ఆరిపోయాక ముగ్గురూ కూతురు చెప్పిన దుకాణానికి వెళ్ళారు. సైకిలు పందేలవాళ్ళు వేసుకునే రకం అద్దాల అరలో ఉంది. ధర చూసి ఆయన వెనక్కి అడుగేశాడు. కూతురు తను కొంటానంది. తల్లి మాత్రం, ముందు అన్నీ చూద్దాం ఆగమంది. చాలా రోజుల తర్వాత ఆ గొంతులో పాత ధీమా వినిపించి తండ్రీ కూతురూ కళ్ళతోనే నవ్వుకున్నారు.

ఆమె ఒక్కో సాక్సులో చెయ్యి దూర్చింది. వేలికొసలను చివరిదాకా పోనిచ్చి, ముందరి కుట్టు మీద అటూ ఇటూ తిప్పింది. ఖరీదైనదాంట్లో కూడా ఒకచోట కుట్టు గుచ్చుకుంటే పక్కన పెట్టింది. పైన రబ్బరును మణికట్టుకు తొడిగి, తీశాక గీత పడుతుందేమో చూసుకుంది. త్వరగా ఆరేవి ఏవని కూతుర్ని అడిగింది. పూర్తి నూలుదైతే చెమటకు నానిపోయి అలాగే ఉంటుందని, నైలాను కలిపి నేసినది మంచిదని ఆ పిల్ల చెబితే శ్రద్ధగా విని తలూపింది. చివరికి మధ్య అరలో, మామూలు రోజువారీ సాక్సుల్లోనే, లోపల కుట్టు చేతికి తగలనివి దొరికాయి.

"నల్లవి తీసుకుందామా, మాపు కనిపించదు" అన్నాడాయన అలవాటు కొద్దీ.

"కనిపించాలండీ. తెల్లవే" అందామె. దుకాణంవాడితో కాసేపు బేరమాడింది. వాడు తగ్గించలేదు. సరేలెమ్మని మామూలు ధరకే నాలుగు జతలు కొంది.

మర్నాడు పొద్దున్న ఆయన స్టూలు మీద కూర్చోగానే ఆమె వచ్చి ఎదురుగా నేల మీద కూర్చుంది. ఆయన మొహమాటంగా కాలు వెనక్కి లాక్కోబోయాడు. ఆమె వదల్లేదు. పాదం ఒళ్ళోకి తీసుకుని వేళ్ళను ఒక్కొక్కటే విడదీసి చూసింది. తర్వాత చిటికెనవేలు నొక్కి అడిగింది.

"ఇక్కడ తెలుస్తోందా?"

తెలుస్తోందని చెప్పేద్దామని ఆయనకు ఒక్క క్షణం అనిపించింది.

"లేదు."

"ఇక్కడ?"

"లేదు."

పాదం మీదుగా ఆమె చెయ్యి నెమ్మదిగా పైకి జరిగింది. చీలమండ దగ్గరికి వచ్చేసరికి ఆయన ఆమె వేళ్ళ మీద తన చెయ్యి వేశాడు.

"ఇక్కడ తెలుస్తోంది" అన్నాడు.

ఆమె చెయ్యి అక్కడే ఉంచి, అవతలి చేత్తో తెల్ల సాక్సు అందుకుంది.