చేతికందే సొరుగులు

"ఇంకా దొరకలేదా? బయట క్యూ రోడ్డు దాకా వెళ్ళింది!"

కనకమ్మ అరుపుకి రామలు చేతిలోని కార్డులు జారిపడ్డాయి. దీవి రాజధాని పోర్ట్ లూయిస్‌లోని ఆ రికార్డు ఆఫీసులో ఆమెది ముందు కౌంటరు, అతనిది వెనక గది. స్వాతంత్ర్యం రాబోతోందని జనం పుట్టిన కాగితాల కోసం ఎగబడుతున్న రోజులవి. ప్రతి పేరుకీ ఆమె లోపలికి రావాల్సిందే.

"నన్నేం చెయ్యమంటావు? దొరలు ఏ, బీ, సీ వరసలో పెట్టారు. మనవాళ్ళ పేర్లేమో సగం ఆర్‌తోనే మొదలు. ఆ సొరుగు గదికి ఆ చివరెక్కడో ఉంది."

"అయితే ఆ చివర ఇటు జరుపు. నా కాళ్ళు పోతున్నాయి!"

రామలుకి నవ్వొచ్చింది. సుయాక్‌లో అమ్మను వదిలి వచ్చి అద్దె గదిలో ఒంటరిగా ఉంటున్న అతనితో రోజులో నాలుగు మాటలాడే మనిషి ఆమె ఒక్కతే. అవి తిట్లయినా సరే.

ఏ సొరుగు ఎన్నిసార్లు తెరుస్తున్నారో రెండు వారాలు సుద్దముక్కతో గీతలు పెట్టాడు. ఎక్కువ గీతలు పడ్డవాటిని కౌంటరు వెనకే, ఆమె చేతికందే ఎత్తులో అమర్చాడు. ఎవరూ అడగనివి వెనక గదిలో మిగిలాయి.

సోమవారం మధ్యాహ్నానికే క్యూ ఖాళీ అయింది. పెద్ద గుమాస్తా ముత్తయ్య భుజం తట్టాడు.

కానీ కనకమ్మ ఇక లోపలికి రాలేదు. రావాల్సిన పనేముంది? కిటికీ అవతల వాన, ముందు గదిలో ఆమె గొంతు. రామలు రోజంతా ఒక్కడే కూర్చునేవాడు. ఎంత తెలివితక్కువ పని చేశానని తనను తానే తిట్టుకున్నాడు.

నెల తిరక్కుండానే ముత్తయ్య పిలిచాడు. "వెనక గదికి ఇక మనిషి అక్కర్లేదోయ్. వచ్చే సోమవారం నుంచి నువ్వు సుయాక్ ఆఫీసుకి."

రామలు నేరుగా కౌంటరు దగ్గరికి వెళ్ళాడు.

"కి అరివే? ఏమైంది, ముఖం అలా ఉందేం?"

చెప్పాడు. ఆమె చేతిలోని ముద్ర ఆగిపోయింది.

"ఇలా అవుతుందని తెలిస్తే మార్చేవాడివా?"

"మార్చేవాణ్ణే. కాళ్ళు నొప్పన్నావుగా. నువ్వు మళ్ళీ లోపలికి రావని మాత్రం తట్టలేదు. నువ్వంటే నాకిష్టం, కనకమ్మా."

"పిచ్చోడా! కార్డు చేతికందుతుంటే ఏ వంక పెట్టుకుని రాను? నీతో పోట్లాడక నాకూ తోచడం లేదు." ఆమె తల దించుకుంది. "ఆదివారం గుడ్‌ల్యాండ్స్‌లో మా ఇంట్లో రామభజన."

"వస్తాను."

"ఒక్కడివే రాకు. మీ అమ్మను తీసుకుని రా."