మగ్గం గుంతలో చెయ్యి

వైశాఖ అమావాస్య... మిట్టమధ్యాహ్నం!

గద్వాల చేనేత వీధిలో మనిషి అలికిడి లేదు. ఎండ నిప్పులు చెరుగుతోంది. ఆకాశంలో మబ్బు తునక లేదు, అయినా కృష్ణ ఒడ్డు వైపు నుంచి ఉరుము... ఆగి ఆగి ఉరుము! చౌడేశ్వరి గుడి శిఖరం మీద పట్టపగలు ఒక గుడ్లగూబ కూర్చుని మెడ తిప్పుతోంది. అర్ధరాత్రికి జడిసే జనం మిట్టమధ్యాహ్నానికి జడవరు. తలుపులు బార్లా తెరిచి, చాప మీద ఒరిగి నిద్రపోతారు. క్షుద్రోపాసకులకు ఆ సంగతి బాగా తెలుసు.

సౌందర్య మగ్గం మీద ఉంది. గుంట మగ్గం అది. నేల మీద కూర్చుని, కాళ్లు గుంతలోకి వదిలి, కింది కర్రలు తొక్కుతూ నేయాలి. ఆ చీకటి గుంతలో ఏదో ఆమె మడమను తాకింది. ఎలుక కాబోలనుకుంది. మరుక్షణం అది వేళ్లు చాచి పట్టుకుంది!

చల్లని వేళ్లు... జిగట కారుతున్న వేళ్లు... పిక్కల మీదుగా పైకి పాకుతున్న వేళ్లు! వెంటనే కంపు. కుళ్లిన కాలేయం, మాడిన వెంట్రుకలు, వాటి అడుగున ఒక అత్తరు. ఆ అత్తరు వాసన ఆమెకు తెలుసు.

అది దినేష్ అత్తరు. దినేష్ ఆమె మొగుడు. వనపర్తిలో ఎరువుల దుకాణం, తెల్ల చొక్కా, నలుగురిలో నవ్వు మొహం. తలుపు వేశాక అతనేం చేసేవాడో ఆమె వీపు మీది కాలిన మచ్చలు చెబుతాయి. కోర్టులో కేసు వేసి తల్లి అలివేలమ్మ దగ్గరికి వచ్చేసింది గానీ, ఒంటి మీది రోత మాత్రం వెంటే వచ్చింది. చర్మం కందిపోయేదాకా రుద్దుకుని స్నానం చేసేది. కన్నతల్లి చెయ్యి చాచినా వెనక్కి జరిగేది.

ఆ రోతను కొద్దికొద్దిగా వదిలించినవాడు పక్కనున్న చౌడేశ్వరి గుడి పూజారి, జంగమయ్య శాంతలింగం. అందరూ శాంతయ్య అంటారు. తీర్థం పోయబోతే ఆమె ఉలిక్కిపడి చెయ్యి లాగేసుకున్న రోజున అతను ఏమీ అడగలేదు. మర్నాటి నుంచి ప్రసాదాన్ని ఆకులో పెట్టి, ఆ ఆకును అరుగు మీద ఉంచి, తాను దూరంగా వెళ్లి నిలబడేవాడు.

"తినబుద్ధైతే తిను. లేకుంటే చీమలు తింటయి" అన్నాడొకసారి.

ఆమె నవ్వింది. ఎన్నాళ్లకు నవ్విందో ఆమెకే గుర్తులేదు. తర్వాత్తర్వాత ఆ అరుగు మీదే నూలు కండెలు చుట్టుకునేది, అతను చింతపండుతో దీపాలు తోముకునేవాడు. మాటలు తక్కువ. అది ప్రేమేనని ఇద్దరికీ తెలుసు. వీధికీ తెలిసిపోయింది. గుడి కమిటీ పెద్ద వీరభద్రప్ప ఊరుకుంటాడా?

"మొగున్ని ఇడిసొచ్చిన పిల్లతోని అయ్యకు ముచ్చట్లేంది? గుడి మైల పడ్తది. ఆ పిల్లన్న ఉండాలె, నువ్వన్న ఉండాలె" అన్నాడు నలుగురిలో.

దినేష్‌కూ కబురందింది. నిన్న సాయంత్రం ఫోన్ చేశాడు. గొంతు పెంచలేదు, ఎప్పుడూ పెంచడు. "పోలీసులు గిట్ల ఏం జేస్తరే నన్ను? నీ అంతట నువ్వే నడుచుకుంట నా కాడికొస్తవ్, సూడు" అన్నాడు.

ఇప్పుడు ఆమె కాళ్లు లేచాయి! ఆమె లేవలేదు... కాళ్లు లేచాయి. సగం నేసిన చీర అంచును ఒరుసుకుంటూ గడప దాటాయి.

"ఎటువోతున్నవే బిడ్డా, గీ ఎండల?" అలివేలమ్మ పరుగెత్తుకొచ్చింది.

"నేను పోతలేనమ్మా. కాళ్లు పోతున్నయి."

తల్లి గుండె బాదుకుంటూ గుడి వైపు కేక పెట్టింది. శాంతయ్య అమ్మవారి అలంకారం సగంలో వదిలేసి, తడిబట్టతోనే బయటికొచ్చాడు. సౌందర్య మొహం చూశాడు. ఎప్పటిలాగే రెండడుగుల దూరంలో ఆగిపోయాడు.

"పట్టుకోండి నన్ను" అందామె, మొట్టమొదటిసారి.

నడివీధిలో, కిటికీల వెనక కళ్లన్నీ చూస్తుండగా, అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు. పంచాక్షరి జపించాడు, బలమంతా పెట్టి వెనక్కి లాగాడు. ఆ కాళ్లు ఇద్దరినీ కలిపి ఈడ్చుకుపోయాయి. తారురోడ్డు మీద ఆమె అరికాళ్లు బొబ్బలెక్కుతున్నాయి.

"నిన్ను ఆపుడు నాతోని అయితలేదు. గని ఇడువను" అన్నాడతను, ఊపిరి అందక.

ఆ కాళ్లు ఏటిదారిలోని పాడుబడ్డ పత్తి మిల్లులోకి తీసుకుపోయి ఆగాయి.

ఎంతటి బీభత్సం... ఎంతటి జుగుప్స! కప్పు కూలిన గోదాములో నల్లగా మురిగిన పత్తిగింజల కుప్ప. దాని మీద నూనె జిడ్డోడుతున్న కపాలం. కపాలం పళ్ల సందున, ఎప్పుడో అత్తారింట్లో దువ్వెనకు చిక్కిన సౌందర్య వెంట్రుకలు. ఎదురుగా క్షుద్రోపాసకుడు ఉగ్రయ్య! నల్లమల దిక్కు నుంచి వచ్చాడంటారు, ఏ ఊరివాడో ఎవరికీ తెలియదు. గోళ్ల కింద ఎండిన నెత్తురు, పెదవుల మూలల్లో ఈగలు. వాటిని తోలుకోడు, మాట్లాడుతూ మాట్లాడుతూ ఒకటి నోట్లోకి పోతే మింగేశాడు. పక్కన ప్లాస్టిక్ కుర్చీలో ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని దినేష్. ఇద్దరిలో ఎవరెక్కువ అసహ్యమో చెప్పమంటే సౌందర్య రుమాలు వైపే చూపించేది.

ఉగ్రయ్య గుప్పెడు బూడిద విసిరాడు. శాంతయ్య నిలువునా కూలి, నాలుక బిగుసుకుపోయి, నేల మీద కళ్లు మాత్రం కదుపుతూ ఉండిపోయాడు.

"ఎంటికెలతోని కాళ్లే వస్తయి. మనసు రావాలంటే చీర కావాలె" అంటూ ఉగ్రయ్య ఒడిలోంచి పట్టుచీర తీశాడు. ఆమె పెళ్లిచీర! "మనసు చిక్కినంక, కూసోమంటే కూసుంటది, సావమంటే సస్తది. గని ఒక మాట. బట్టను తొలుత ఎవరు కడితే వాళ్లే నా పిలుపుకు కట్టుబడ్తరు. దీన్ని తొలుత కట్టింది ఎవరు?"

"ఇదే. కొత్త చీర. పీటల మీద కట్టుకున్నది, నేను సూస్తి గద" అన్నాడు దినేష్.

సౌందర్య చప్పున తలెత్తింది.

ఆ చేనేత వీధిలో ఒక ఆచారం ఉంది. పెళ్లికూతురి చీర మగ్గం దిగగానే ముందు గుడికి పోతుంది. చౌడేశ్వరి ఆ చీర కట్టుకుని ఒక రాత్రి ఉన్నాకే, పసుపుబొట్టుతో అది పెళ్లికూతురి ఒంటి మీదికి వస్తుంది. పెళ్లినాడు పెద్దలు ఆ మాట చెబుతుంటే దినేష్ ఫోన్ చూసుకుంటున్నాడు. మగ్గాల ఇళ్లలో పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి అతనికి తెలియలేదు!

ఉగ్రయ్య పచ్చకళ్లు ఆమె మీద వాలాయి. "నువ్వు సెప్పు పిల్లా. నువ్వేనా?"

కాదన్న ఒక్క మాట చాలు, వాడు ఆగిపోతాడు. ఆమె తల వంచుకుంది.

"అది నోరు తెరువది. నేను నేర్పిచ్చిన" అని దినేష్ నవ్వాడు.

నిజమే, నేర్పించాడు. బెల్టు పెట్టి మరీ నేర్పించాడు. కానీ ఈ మౌనం అతనిచ్చింది కాదు. జీవితంలో మొదటిసారి ఆమె తన ఇష్టంతో నోరు మూసుకుంది.

ఉగ్రయ్య కపాలం పక్కనుంచి పురుగులు కదులుతున్న కాలేయాన్ని తీసి నోట్లో కుక్కుకున్నాడు. నమిలాడు. ఆ నల్లటి చీమును జరీ అంచు మీద ఉమ్మి అరచేత్తో పులిమాడు. సౌందర్య భళ్లున వాంతి చేసుకుంది. వాడు కపాలాన్ని ఎత్తి అరిచాడు. "ఓసీ... ఈ చీర తొలుత కట్టినదానా! యాడున్నా కదిలి రా! నా కాళ్లకాడ పడు! రా... రా!"

ఉరుము ఈసారి నెత్తిమీదే! గోదాము నేల కంపించింది. ఈగలన్నీ ఒక్కసారిగా రాలిపడ్డాయి. ఆ కుళ్లు కంపును చీల్చుకుంటూ పచ్చి పసుపు వాసన...

ఏదో వచ్చింది. మహత్తరమైనది, భయంకరమైనది... వచ్చి, సౌందర్య దగ్గర ఆగింది! ఇంతకాలం ఆమె ఒంటి మీదికి వచ్చినవాళ్లెవరూ అడిగి రాలేదు. బ్రహ్మాండాన్ని బూడిద చేయగల ఆ శక్తి మాత్రం, లోపలికి రానా అని అడుగుతున్నట్టు ఆమె ఒంటి గుమ్మంలో నిలబడింది. సౌందర్య కళ్ల వెంట నీళ్లు కారాయి.

"రా తల్లీ" అంది.

ఆ తర్వాత ఆమె గొంతులోంచి వచ్చిన స్వరం ఆమెది కాదు.

"పిలిచినవ్ గదరా. వచ్చిన."

ఉగ్రయ్య చేతిలో కపాలం టప్పున పగిలింది. "ఎవరు... నువ్వెవరు?" అంటూ వెనక్కి పాకాడు. ఒడిలోని చీర దానంతటదే విడిపోతోంది. అంచు నుంచి నేత, నేత నుంచి పోగులు... తాను చీము పులిమిన పోగులే వాడి ముక్కుల్లోకి, చెవుల్లోకి, అరుస్తున్న నోట్లోకి దూరాయి! కనుగుడ్ల వెనక నుంచి ఎర్రగా బయటికొచ్చి మళ్లీ చుట్టుకున్నాయి. బిగుసుకున్నాయి. ఎముకలు పటపటలాడాయి. అరుపు సన్నబడి, సన్నబడి ఆగిపోయింది. పోగులు సడలాక అక్కడ మిగిలింది గుప్పెడు నల్లటి జిగురు, అందులో కదిలే పురుగులు.

దినేష్ కుర్చీ మీంచి జారిపడి, ఒళ్లంతా తడుపుకుని, మోకాళ్ల మీద పాకుతూ వచ్చాడు. "అమ్మా... తప్పయింది తల్లీ..." అంటూ ఆమె పాదాలు అందుకోబోయాడు. ఆమె కాళ్లు వెనక్కి తీసుకుంది. అవి ఇప్పుడు ఆమె మాట వింటున్నాయి. దినేష్‌ను చంపడానికి కూడా ఆ శక్తికి అసహ్యమేసినట్టుంది, ఆ కంపును అతని ఒంటికి వదిలేసి పోయింది. ఎన్ని అత్తర్లు పోసుకున్నా అది పోలేదని, దుకాణం మెట్లెక్కేవాడే లేడని తర్వాత వనపర్తిలో చెప్పుకున్నారు.

అలివేలమ్మ వెనకే వీధి వీధంతా మిల్లు దగ్గరికి వచ్చేసింది. వీరభద్రప్ప లోపలికి తొంగిచూసి, పసుపు వాసన పట్టి, అమ్మవారు వచ్చిందని గ్రహించి, భుజం మీది తువ్వాల తీసి సౌందర్య పాదాల ముందు పరిచాడు. "తల్లీ, దీని మీద నడువు. పల్లకి తెప్పిస్త, గుడిల కూసుండవెడ్త" అన్నాడు. మైల అన్న నోరే అది.

శాంతయ్య లేచాడు. లేచి, ఆమె మొహంలోకి చూడలేక, చేతులు జోడించి మోకరిల్లాడు. సౌందర్యకు ఉగ్రయ్యను చూసినప్పుడు కలగని భయం అప్పుడు కలిగింది. మనిషిని కాకుండా పోతానా అని, ఇతను కూడా ఇక దూరం నుంచే దండం పెడతాడా అని.

"అమ్మవారు పోయింది. గీడున్నది నేనే. దండం పెట్టకు" అంది. మీరు అనడం మానేసిందని తర్వాతెప్పుడో గుర్తొచ్చింది. "నోరంతా చేదుగున్నది. జర నీళ్లు తెస్తవా?"

అతను తలెత్తి ఆమె కళ్లలోకి చూశాడు. తర్వాత మొలలోని గుడి తాళంచెవి తీసి వీరభద్రప్ప చేతిలో పెట్టాడు. "అలంకారం సగంల ఉన్నది. ఎవరితోనన్న చేపిచ్చున్రి" అని చెప్పి, బయట ఎవరి చేతిలోనో ఉన్న నీళ్ల సీసా అందుకుని వచ్చి ఆమె పక్కన ఆ మట్టిలోనే కూర్చున్నాడు.

సౌందర్య నోటినిండా నీళ్లు పోసుకుంది. గలగలా పుక్కిలించి, వీరభద్రప్ప పరిచిన తువ్వాల మీద ఉమ్మేసింది. తర్వాత దాహం తీరేదాకా తాగింది.