ఇంకా ఒకరు రావాలి

రాజధాని చూడ్డానికి వచ్చినవాళ్లెవరూ పాత కోట కింది నేలమాళిగ చూడకుండా వెళ్లరు. వరసగా ఐదు గదులు, మొదటి గదిలోంచి లోపలికి, ఐదో గదిలోంచి బయటికి ఒక్కటే దారి. పదకొండేళ్లుగా అక్కడ గైడుని నేను. ఇంట్లో పలకరించే మనిషి లేకపోవడంతో నా మాటలన్నీ అక్కడే ఖర్చయిపోతుంటాయి.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. గుంపులో అందరికన్నా వెనక నడిచేవాళ్లకి 'తోక' అని పేరు పెడతాం. ఒక్కో గది దాటగానే, "తోకా, అందరూ వచ్చారా?" అని కేకేస్తాను. "వచ్చాం" అంటేనే దాటిన గదిలో దీపం ఆర్పాలి. ఆ చీకట్లో మనిషిని వదిలేసి రావడం కన్నా పెద్ద తప్పు మాకు లేదు.

ఆ సాయంత్రం జోరున వాన. ఒకే ఒక్క పెద్దాయన వచ్చాడు. ఒక్కరున్నా తిప్పి చూపించాల్సిందే. కబుర్లు చెప్పుకుంటూ రెండు గదులు దాటాం, దీపాలు ఆర్పేశాను. మూడోది కూడా దాటి, అలవాటుకొద్దీ నోరు జారాను.

"తోకా, అందరూ వచ్చారా?"

పెద్దాయన నవ్వాడు. "తలా నేనే, తోకా నేనే కదమ్మా."

మూడో గదిలో ఎవరూ లేరు. దాని అవతల, ఆర్పేసిన గదిలోంచి ఒక ఆడగొంతు మెల్లగా పలికింది.

"ఇంకా ఒకరు రావాలి."

తడిమట్టి వాసన గుప్పుమంది.

"ఎవరమ్మా అది?" పెద్దాయన గుసగుసగా అడిగాడు.

"తెలీదు బాబాయ్. నడవండి..."

దీపాలు ఆర్పకుండానే గుమ్మం దాకా వచ్చి, ఆయన్ని బయటికి పంపాను. తాళం వెయ్యడానికి చెయ్యి రాలేదు. లోపల నిజంగా మనిషుంటే?

"ఎవరున్నారు? వచ్చేయండి..."

మూడో గది దీపం ఆరింది. కాసేపాగి... నాలుగోది. నేను ఆర్పినట్టే, తొందర లేకుండా.

ఐదోది ఆరలేదు. గుమ్మం పక్కన అలా వెలుగుతూనే ఉంది. చాలాసేపు.

ఆ రావాల్సిన ఒకరు నేనేనని, ఆ దీపం నాకోసమే ఆగిందని అర్థమైంది. ఇన్నేళ్లలో నేను ఇంటికి చేరానో లేదో అడిగిన మనిషి లేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, భయం వేస్తున్నా లోపలికి వెళ్లాలనిపించింది. ఒక అడుగు వేశాను కూడా.

బయటే ఆగిన పెద్దాయన వెనకనుంచి నా కుడిచెయ్యి పట్టుకున్నాడు. "వద్దు తల్లీ..."

ఆగిపోయాను.

ఎడమచెయ్యి కూడా ఎవరో పట్టుకున్నారు. చల్లగా... ముసలివాళ్లని మొదటి మెట్టు దించేటప్పుడు నేను పట్టుకుంటానే, అంత మెత్తగా.