పూల జేబు చొక్కా

మా విశ్వవిద్యాలయం వెనకున్న పొలానికి వచ్చినంత చెడ్డపేరు మా ఊరి శ్మశానానికి కూడా రాలేదు.

కార్మికవాడ నుంచి టాక్సీ స్టాండుకు దగ్గరి దారి ఆ కంచె పక్క నుంచే. పొద్దున వందల మంది ఆ దారినే పోతారు. పొద్దు వాలిందా... ఒక్కరు కనబడితే ఒట్టు. మైలున్నర చుట్టు తిరిగైనా వెళ్తారు గానీ ఆ వైపు రారు. ఎందుకంటే కంచె లోపల, ఎండుగడ్డిలో, ఇనుప వలల కింద మనుషులు పడుకుని ఉంటారట. చొక్కాలు తొడుక్కుని, ప్యాంట్లు వేసుకుని... నెలల తరబడి లేవరట. రాత్రిళ్ళు మాత్రం లేస్తారనీ, వాళ్ళలో ఒకడు కంచె దాకా వచ్చి అగ్గిపెట్టె అడుగుతాడనీ చెప్పుకుంటారు.

నేను పడీపడీ నవ్వేవాణ్ణి. ఎందుకంటే వాళ్ళకి బట్టలు తొడిగేది నేనే.

అవి పందులు. చచ్చిన మనిషి ఎండకీ వానకీ ఎన్నాళ్ళకి ఎలా మారిపోతాడో తెలిస్తేనే గదా, పొదల్లో దొరికిన శవం ఎప్పటిదో పోలీసులకు చెప్పగలం! మనుషుల్ని తెచ్చి పడేయలేం గనక పందులు. పక్కనే ఎండ, వాన, గాలి కొలిచే పరికరాలు. మనిషి పోయేది ఒంటిమీద బట్టలతోనే గనక పందికీ బట్టలు. నా పేరు లెసిబా. శరీర నిర్మాణ శాస్త్ర విభాగంలో పంతొమ్మిదేళ్ళుగా సహాయకుణ్ణి. చచ్చిన పందికి ఒక్కసారి ప్యాంటు తొడిగి చూడండి, ఆ తర్వాత ఏ దెయ్యమూ మిమ్మల్ని ఏమీ చేయలేదు.

ఈ మాట కిందటి జూన్ దాకా అందరితోనూ అనేవాణ్ణి. ఇప్పుడు అనడం లేదు. జరిగినదాంట్లో మొదటి సగం మా కాపలావాడు జెన్జెలే నాకు చెప్పింది. మిగతా సగానికి... నా ఖర్మ కాలి నేనూ అక్కడే ఉన్నాను.

మా వైపు జూన్ అంటే నడి చలికాలం. ఆ రాత్రి చలికి కుక్కలు కూడా మొరగడం మానేశాయి. జెన్జెలే రేకు డబ్బాలో బొగ్గులు రాజేసుకుని కూర్చున్నాడు. పన్నెండు దాటింది. కంచె తీగ కిర్రుమంది. నక్క అనుకున్నాడు. మా పందుల కోసం నక్కలు వస్తూనే ఉంటాయి. టార్చి తీసుకుని లేచాడు.

అప్పుడు వినబడింది... గొంతు. ఆడగొంతు. గుసగుసగా —

"లే నాయనా... పడుకున్నది చాలు. లే..."

జెన్జెలే ఉన్నచోటే ఉండిపోయాడు.

"చెయ్యి ఇవ్వు... ఆఁ... మెల్లిగా..."

మూలనున్న పంది దగ్గర్నుంచి వస్తోంది ఆ గొంతు. అది జనవరిలో పెట్టిన పంది. ఇప్పుడక్కడ చొక్కా, ఎముకలూ తప్ప ఏమీ లేవు. టార్చి వెయ్యడానికి జెన్జెలేకి ధైర్యం చాల్లేదు. వెయ్యకుండా ఆ చీకట్లో నిలబడడానికి అసలే చాల్లేదు. వేశాడు.

ఎవరో ముసలామె. భుజాల మీద నల్ల దుప్పటి. ఒంగి, చేతిలో ఉన్న ముళ్ళరేగు కొమ్మతో పంది ఒంటిమీది చొక్కాని నిమురుతోంది.

కొమ్మ చూడగానే వాడికి సంగతి అర్థమైంది. జూలూ తెగవాడు గదా! వాళ్ళలో మనిషి ఇంటికి దూరంగా చనిపోతే, చనిపోయిన చోటికే ఆ కొమ్మ పట్టుకుని వెళ్ళి అతని ఆత్మని పిలుస్తారు. పిలిచి, ఇల్లు చేరేదాకా అతనితో మాట్లాడుతూ వెంటబెట్టుకొస్తారు. గడప వస్తే గడపని చెప్పాలి, మలుపొస్తే మలుపని చెప్పాలి. బస్సులో పక్కసీటు ఖాళీగా ఉంచాలి. కొమ్మ పట్టుకున్నవాళ్ళు వేరే ఎవరితోనూ మాట కలపకూడదు. కలిపారో, వచ్చేవాడు దారిలోనే తప్పిపోతాడు.

అర్థమయ్యాక భయం పోవాలి. పోకపోగా రెట్టింపైంది. అక్కడ చచ్చింది పంది మరి!

"అమ్మా... ఓ అమ్మా..." అన్నాడు.

ఆమె పలకలేదు. కంచె అవతల నుంచి ఇంకో గొంతు వచ్చింది. "ఆమెను పలకరించకు అన్నా. నీ కాళ్ళు మొక్కుతాను."

తెగిన తీగల పక్కన ముప్పై ఏళ్ళావిడ నిలబడి ఉంది. ముసలామె కూతురు. పేరు నోక్వాజి.

"ఇక్కడ మనుషులెవరూ లేరు చెల్లీ! ఇవి పందులు!"

"పగలొస్తే మీ ఆఫీసువాళ్ళూ అదే చెప్పారు. ఒక కాగితం నింపించుకుని పొమ్మన్నారు. అమ్మ వింటుందా? అది మా అన్న చొక్కా."

"చొక్కాలన్నీ ఒకేలా ఉంటాయమ్మా..."

"జేబు చూడు. చొక్కా మట్టిరంగు, జేబు పూలబట్ట. అమ్మ తన పాత గౌను చింపి కుట్టింది ఆ జేబు. ఇలాంటిది ఇంకోటి ఎక్కడైనా చూశావా?"

జెన్జెలే చూడలేదు. ఎవరూ చూసి ఉండరు.

ముసలామె కొడుకు పేరు ఖేతా. మూడేళ్ళ కిందట తమ ఊరు నొంగోమా నుంచి మేడలు కట్టే పనికి వచ్చాడు. కొన్నాళ్ళు ఫోన్లు చేశాడు. తర్వాత ఫోను మోగలేదు. మొన్నామధ్య వాళ్ళ ఊరి మనిషొకడు ఈ కంచె పక్కన పోతూ, వల కింద చొక్కా చూసి, ఫోటో తీసి పంపాడు.

"రెండేళ్ళుగా రోజూ అన్నకి కంచం పెడుతోంది అన్నా" అంది నోక్వాజి. "తనేమో తినడం మానేసింది. ఈసారి కూడా వాణ్ణి తీసుకెళ్ళకపోతే అమ్మ ఈ చలికాలం దాటదు."

జెన్జెలే నాకు ఫోను చేశాడు.

"అన్నా... ఇక్కడొక తల్లి మన పందిని కొడుకనుకుని ఇంటికి తీసుకుపోతోంది."

"తాగావట్రా?"

"తాగుంటే ఎంత బాగుండేది! నువ్వు రా ముందు."

నా క్వార్టరు దగ్గరే. ఉన్నపళంగా బయల్దేరాను. ఏం చెప్పాలో దారిలోనే అల్లుకున్నాను. ఆ చొక్కా పాతబట్టల బజార్లో కొన్నది, అది ఎన్ని చేతులు మారిందో ఎవరికి తెలుసు, మీవాడు ఎక్కడో బతికే ఉండొచ్చు... ఇలా చెబితే తల్లికీ ఊరట, నాకూ ఊరట.

నేను వెళ్ళేసరికి ముసలామె కంచె దాటుతోంది. తను బయటికొచ్చి, తీగ పైకెత్తి పట్టుకుంది.

"తల వంచు నాయనా, తీగ గుచ్చుకుంటుంది."

పొడుగాటి మనిషి ఒంగి బయటికి రావడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ పట్టుకునే ఉంది. తర్వాత వదిలింది.

నేను అల్లుకున్నదంతా నోక్వాజికి చెప్పాను.

"బజార్లో ఎవరి దగ్గర కొన్నావు అన్నా?"

"అదీ... గుర్తు లేదమ్మా."

ఆమె నా మొహంలోకి చూసింది.

దారి చీలింది. ఎడమకి టాక్సీ స్టాండు. కుడికి మా విభాగం. ముసలామె ఎడమకి రెండడుగులు వేసి... ఆగింది. తల పక్కకి వంచింది.

"ఏమిటీ?... ఇటు కాదా?"

గాలి కూడా లేదు.

"సరే. నువ్వెటంటే అటే. పద."

కుడికి తిరిగింది.

"స్టాండు అటు గదా!" అని గొణిగాడు జెన్జెలే.

"ఇటేముంది?" అంది నోక్వాజి. అంత చలిలోనూ నాకు మెడ మీద చెమట పట్టింది.

ఆమె మా భవనం ముందు దీపాలున్న గుమ్మం వైపు చూడను కూడా లేదు. గోడ వారనే వెనక్కి వెళ్ళింది. చెత్తడబ్బాలు దాటింది. అక్కడొక ఇనుప తలుపు ఉంది. బోర్డు లేదు, గంట లేదు. మా విద్యార్థుల్లోనే సగం మందికి ఆ తలుపు సంగతి తెలీదు. దాని ముందు ఆగింది.

"ఇక్కడా?..." అంది. "ఇక్కడున్నావా తండ్రీ?"

ఇక దాచి లాభం లేదు. నోక్వాజికి నిజం చెప్పేశాను.

అడిగేవాళ్ళు లేని శవాలు చట్టప్రకారం మా దగ్గరికి వస్తాయి. విద్యార్థులు చదువుకుంటారు. ఆ తర్వాత ఎముకలు కడిగి, నంబర్లు వేసి, పెట్టెల్లో ఈ నేలమాళిగలో పెడతాం. కడిగేది నేనే. శవాలతోపాటు వచ్చే బట్టల సంచులు కాల్చెయ్యాలి. నేను కాల్చలేదు. పందులకు బట్టలు బజార్లోనే కొని తేవాలని రూలు. అంత దూరం ఎండలో ఎవడు పోతాడని ఆ సంచుల్లోంచే తీసి తొడిగాను. పోయినవాడికి చొక్కా ఎందుకులే అనుకున్నాను. అది నలభై ఒకటో సంచి; శవానికీ అదే నంబరు. పూల జేబు చూసి నవ్వుకున్నాను కూడా. అందుకే నంబరు గుర్తుండిపోయింది.

నోక్వాజి కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"తలుపు తియ్యి" అంది.

తీశాను. నలభై ఒకటో పెట్టె దించి ఆమె ముందు పెట్టాను. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని పెట్టె మీద చెయ్యి వేసింది. "ఖేతా అన్నా..." అంది. జెన్జెలే టోపీ తీసి గోడవైపు తిరిగాడు.

ముసలామె మాత్రం పెట్టెని చూడలేదు. మెట్లవైపు తిరిగి నిలబడింది.

"అంతే కాదా?... పైనా?... సరే, జాగ్రత్త. మెట్టు... ఇంకో మెట్టు..."

పెట్టె పట్టుకుని మేమూ ఎక్కాం. రెండో అంతస్తులో ఒక తలుపు దగ్గర ఆగింది. ఎంత బరువుకి ఎముక విరుగుతుందో చూసి, దానికి సాటివచ్చే కొత్త పదార్థం తయారుచేసేవాళ్ళ గది అది. నలభై ఒకటో పెట్టెలోని ఎడమ తొడఎముక ఏప్రిల్లో వాళ్ళు పట్టుకెళ్ళారు. నాకు తెలుసు. తెలిసీ నోరు మూసుకున్నాను. తాళాలన్నీ నా గుత్తిలోనే ఉన్నాయి. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో అనుకుంటూనే తలుపు తీసి, ఎముక తెచ్చి పెట్టెలో పెట్టాను.

ముసలామె నాలుగు గదులు దాటి మళ్ళీ ఆగింది. నరాల మీద పరిశోధన చేసేవాళ్ళ గది.

"ఇక్కడేమీ లేదమ్మా" అన్నాను. అబద్ధం కాదు, లేదనే అనుకున్నాను.

"అమ్మ కదలట్లేదు అన్నా" అంది నోక్వాజి.

తీశాను. ఫ్రిజ్జులో, వెనక వరసలో, ఒక గాజు సీసా. దాని మీద నలభై ఒకటి. రాసింది నా చేత్తోనే. మార్చిలో ఆ సీసాని రెండు చేతులతో మోసుకొచ్చి ఇచ్చింది నేనే. ఒక మనిషి మెదడు మోసుకెళ్ళి, మూడు నెలల్లో మరిచిపోయాను! అక్కడే కూలబడి ఏడ్చాను. సిగ్గుపడ్డానని చెప్పడానికి సిగ్గుపడను.

సీసా కూడా పెట్టెలో చేరింది.

"ఇక పదమ్మా" అంది నోక్వాజి. "అంతా దొరికింది. తెల్లవారగానే కాగితాల సంగతి నేను చూసుకుంటాను. అన్న వచ్చేస్తున్నాడు."

జెన్జెలే తలుపు పట్టుకుని నిలబడ్డాడు. ముసలామె నాలుగడుగులు వేసింది... ఆగింది.

ఈసారి ఆగింది నా ముందు.

"ఇంకానా నాయనా?... ఇంకేం మిగిలింది?"

పెట్టెతోపాటు తెచ్చిన పద్దుల పుస్తకం గబగబా తిరగేశాను. నలభై ఒకటో నంబరుకి ఇంకే పద్దూ లేదు. "అయిపోయిందమ్మా" అన్నాను. "మా అమ్మ మీద ఒట్టు. ఇంకేమీ లేదు."

ఆమె నా మొహం చూడలేదు. చేతిలో కొమ్మ మెల్లిగా లేచింది. దాని చివర ముల్లు నా రొమ్ము దగ్గర ఉన్నిలో తగులుకుంది.

అప్పుడు గుర్తొచ్చింది... చలిగా ఉందని, బయల్దేరేటప్పుడు తలుపు వెనక వేలాడుతున్న కోటు తగిలించుకుని వచ్చాను. మంచి కోటు. అంతకు ముందటి చలికాలం నుంచీ వేసుకుంటున్నాను. మా ఆవిడ అడిగితే బజార్లో చవగ్గా వచ్చిందన్నాను.

అదీ నలభై ఒకటో సంచిలోదే.

కోటు విప్పి అందించాను. ఆమె దులిపింది. తన పక్కన ఖాళీగా ఉన్న వైపు తిరిగి, మునివేళ్ళ మీద లేచి, పొడుగాటి మనిషి భుజాలకి అందేంత ఎత్తున పట్టుకుంది.

"ఎంత చలేసిందో నా తండ్రికి... ఏదీ, ఈ చెయ్యి... ఆఁ... ఇప్పుడు ఆ చెయ్యి..."

రెండు చేతులూ వదిలేసింది.

నేను గట్టిగా కళ్ళు మూసుకున్నాను. కోటు నేలమీద పడే చప్పుడు కోసం చెవులు రిక్కించాను.

ఆ చప్పుడు రాలేదు.