పోయిన మనిషి వేసిన రిటర్న్

మంగళవారం మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు పోయిన మనిషి ఫోన్ మోగింది.

ఒక్కసారే. మెసేజ్ శబ్దం.

కుట్టుమిషన్ మీద కాలు ఆగిపోయింది. టైలరమ్మ లేచి గోడ దగ్గరికి వెళ్ళింది. ఏడు నెలలుగా ఆ ఫోన్ అక్కడే ఛార్జర్‌కి వేలాడుతోంది.

‘మీ పన్ను రిటర్న్ అందింది. గడువులోగా దాఖలు చేసినందుకు ధన్యవాదాలు.’

ఆమె భర్త కాగితం మిల్లులో బాయిలర్ ఆపరేటర్. బాయిలర్ పేలిన రోజే పోయాడు. మిల్లు వాళ్ళు మూసిన పెట్టె తెచ్చి, తెరవొద్దన్నారు. ఎవరూ తెరవలేదు.

అందుకే ఆమె మొదట భయపడలేదు. పరుగున వెళ్ళి వీధి తలుపు తీసి చూసింది.

ఆ రోజు నుంచి ఆ తలుపుకి గడియ పడలేదు.

మెసేజ్ సంగతి విని సైబర్ సెల్ ఇన్‌స్పెక్టర్ ఆ ఇంటికి వచ్చేలోపే పెన్షన్ ఆఫీసు ఉత్తరం వచ్చేసింది. రిటర్న్ వేశాడంటే మనిషి బతికి ఉన్నట్టే లెక్క అని అందులో రాశారు. కుటుంబ పెన్షన్ ఆపేశారు. ముప్పై రోజుల్లో సంజాయిషీ ఇవ్వకపోతే భార్య మీద మోసం కేసు.

ఇన్‌స్పెక్టర్ ఆ ఉత్తరం రెండుసార్లు చదివింది.

మూల మంచం మీద నుంచి అత్తగారు అంది. “వాడు పన్ను కట్టాడంటే ఎక్కడో ఉన్నట్టేగా తల్లీ? చిన్నప్పట్నుంచీ అంతే. ఇంటికి ఆలస్యంగా వచ్చేవాడు గానీ, బడి ఫీజు ఒక్కరోజు ఆలస్యం చేసేవాడు కాదు.”

“మీకేమనిపిస్తోందమ్మా?” ఇన్‌స్పెక్టర్ టైలరమ్మని అడిగింది.

“పెట్టెలో ఎవరున్నారో నేను చూళ్ళేదు మేడమ్.” ఆమె గొంతు తగ్గించింది. “ఆయన కాదని తేలితే, కేసు నా మీద పెట్టినా పర్వాలేదు.”

ఇన్‌స్పెక్టర్ సంచిలో మిల్లు ప్రమాదం రిపోర్టు ఉంది. ఎముకల పరీక్ష, రక్తపరీక్ష, అన్నీ అతనివే. ఆమె దాన్ని బయటికి తీయలేదు. కాగితం మీద తిరిగొచ్చిన మనిషిని కాగితంతోనే పంపాలి. లేకపోతే ఈ ఇల్లు నమ్మదు.

ముందు మరిదిని పిలిచింది.

“అన్నయ్య పాస్‌వర్డ్‌లు తెలుసా?”

“అన్నయ్యవా? రెండు తాళాలు వేసి, తాళంచెవులు ఎక్కడ పెట్టాడో రాసుకుని, ఆ చీటీ కూడా దాచేసే మనిషి మేడమ్. నాకు ఇంట్లో వైఫై పాస్‌వర్డే చెప్పలేదు. వదిన్ని అడగండి.”

“ఆ మంగళవారం మూడింటికి ఎక్కడున్నారు?”

“డిపోలో. బస్సు కింద దూరి రిపేరు చేస్తున్నా. నలుగురు చూశారు.”

తర్వాత పోయిన మనిషి రిటర్న్‌లు ఏటా వేసిన పన్నుల కన్సల్టెంట్.

“ఆయన గుర్తింపు కార్డు కాపీ మీ దగ్గరుందా?”

కన్సల్టెంట్ ఫైలు తీశాడు. కాపీ మీద అడ్డంగా ఎర్ర గీత. గీత మీద రాత: ‘పన్ను పనికి మాత్రమే.’ కింద తేదీ, సంతకం.

“ఎవరికిచ్చినా అంతే మేడమ్. నన్నే అనుమానిస్తున్నాడని మొదట్లో కోపం వచ్చేది. తర్వాత నేనూ అలాగే గీయడం మొదలుపెట్టాను.”

టైలరమ్మ కూడా అలాగే చేసింది. భర్త పోయాక మూడు ఆఫీసులకి మూడు కాపీలిచ్చింది. ఇన్‌స్పెక్టర్ మూడు చోట్లకీ వెళ్ళి చూసింది. మూడింటి మీదా వణికిన ఎర్ర గీత ఉంది. మూడింటి అంచునా వెంట్రుకంత సన్నని నల్లచార ఉంది.

దొంగ రిటర్న్‌కి జతచేసిన కాపీ తీసి పక్కన పెట్టింది.

నల్లచార ఉంది. ఎర్ర గీత లేదు. కార్డు వంకరగా ఉంది. ఒక మూల తెగిపోయింది.

ఆ తెగిన మూల మీద ఆమె వేలు చాలాసేపు ఆగింది.

శనివారం ఉదయం పదకొండు. ఆస్పత్రి ఎదురుగా, టైలరమ్మ ఆ మూడు కాపీలూ తీయించిన జిరాక్స్ కొట్టు. టైలరమ్మ, మరిది, కన్సల్టెంట్, ఒక కానిస్టేబుల్. కౌంటర్ వెనక అందరూ కాపీ బాబాయ్ అని పిలిచే ముసలాయన.

“కూర్చో తల్లీ,” అన్నాడు టైలరమ్మతో. “ఏడ్చుకుంటూ వచ్చినవాళ్ళ దగ్గర నేను పైసా తీసుకోను మేడమ్. అడగండి.”

“ఆ రోజు ఎన్ని కాపీలు తీశారు?”

“మూడు.”

“మూడే,” అంది టైలరమ్మ. “ముందు ఒకటి చెడిపోయింది. కార్డు జరిగిందని మళ్ళీ తీశారు.”

“చెడింది ఏది?”

“బుట్టలో పడేసుంటాను,” అన్నాడు బాబాయ్. “రోజుకి యాభై పడేస్తాను. ఎవరడుగుతారు?”

“ఎవరూ అడగరు. అదే మీకు కావలసింది.” ఇన్‌స్పెక్టర్ కాపీని కౌంటర్ మీద పరిచింది. “ఆయన ఇచ్చిన ప్రతి కాపీ మీదా గీత ఉంది. ఈమె ఇచ్చినవాటి మీదా ఉంది. గీత లేనిది ఒక్కటే, ఎవరికీ ఇవ్వనిది. మూల తెగిన కాపీని ఎవరు మాత్రం ఆఫీసులో ఇస్తారు? ఈ నల్లచార మీ మెషిన్ అద్దం మీద గీరు.”

కన్సల్టెంట్ అడిగాడు. “కాపీ ఒక్కటి చాలదే? ఖాతాలోకి ఎలా వెళ్ళాడు?”

“అమ్మా, ఆ రోజు మీ ఆయన ఫోన్ ఎవరి చేతిలో ఉంది?”

“నా చేతిలోనే. మరణ నమోదు ఫారం ఈ బాబాయే కంప్యూటర్లో నింపారు. ఫోన్‌కి నంబరు వస్తుంది, చదవమ్మా అన్నారు. రెండుసార్లు వచ్చింది. రెండూ చదివాను.”

“నమోదుకి ఓటీపీ ఒక్కటే వస్తుంది. రెండోది పన్ను ఖాతాది. ఆ క్షణమే పాస్‌వర్డ్, మెయిల్ మారిపోయాయి. ఇప్పుడు రీఫండ్ కోసం రిటర్న్ వేశాడు.”

కానిస్టేబుల్ కింది సొరుగు లాగాడు. చెడిపోయిన కాపీలు. వంకరవి, మసకవి, మూల తెగినవి. పదిహేడు ముఖాలు. అందరూ పోయినవాళ్ళే.



“పోయినవాళ్ళకి నష్టమేముంది మేడమ్?” అన్నాడు కాపీ బాబాయ్ నెమ్మదిగా. టైలరమ్మ వైపు చూశాడు. “నెల తిరక్కుండా అందరూ ఆ ఫోన్ ఆపేస్తారు. నువ్వెందుకు ఆపలేదమ్మా?”

ఆమె ఇన్‌స్పెక్టర్ని అడిగింది.

“అయితే రిటర్న్ ఆయన వెయ్యలేదా?”

“లేదమ్మా.”

టైలరమ్మ తలూపింది. మరిది గోడ వైపు తిరిగాడు.

ఇన్‌స్పెక్టర్ ఒక్కొక్కటే చేయించింది. దొంగ రిటర్న్ తనింటిది కాదని ప్రమాణపత్రం. పెన్షన్ ఆఫీసుకి ఎఫ్‌ఐఆర్ కాపీ. ఆయన పేరున కొత్త అప్పు పుట్టకుండా బ్యాంకులకి తాఖీదు. ఇకపై పన్నుల శాఖ ఏటా పంపే రహస్య సంఖ్య ఉంటేనే రిటర్న్ తీసుకునేలా టైలరమ్మకీ, అత్తగారికీ దరఖాస్తులు. చివరగా, పోయిన మనిషి ఖాతా మూసెయ్యడానికి ఒక ఫారం.

దానికి ఇంకో కాపీ కావాలి.

పోలీస్ స్టేషన్ జిరాక్స్ మెషిన్‌లో మొదటిది మసకగా వచ్చింది. రైటర్ దాన్ని ఉండచుట్టబోయాడు.

“అది కూడా ఇలా ఇవ్వండి,” అంది టైలరమ్మ. చింపి, ముక్కలు సంచిలో వేసుకుంది.

మంచి కాపీ మీద ఎర్ర గీత గీసింది. ‘మరణించిన వ్యక్తి ఖాతా మూయడానికి మాత్రమే.’ మొదటి మాట దగ్గర కలం చాలాసేపు ఆగింది. కానీ గీత ఈసారి వణకలేదు.

మళ్ళీ మంగళవారం. మధ్యాహ్నం. ఫోన్ మోగింది.

‘ఖాతాదారు మరణించినట్టు నమోదైంది. ఖాతా శాశ్వతంగా మూసివేశాం.’

“వాడేనా?” మంచం మీద నుంచి అత్తగారు అడిగింది.

“కాదత్తయ్యా. ఆఫీసు వాళ్ళు.”

టైలరమ్మ ఛార్జర్ తీసేసింది. తెర నల్లబడేదాకా ఫోన్‌ని చేతిలోనే ఉంచుకుంది.

కుట్టుమిషన్ చప్పుడు మొదలైంది. ఆగింది. మళ్ళీ మొదలైంది.

“అమ్మాయ్,” అంది అత్తగారు చాలాసేపటికి. “గాలొస్తోంది. తలుపు గడియ పెట్టు.”