గుర్రం తన్నిన బైకు

బ్యాంకులోంచి బయటికొచ్చేసరికి నా బైకు నేలమీద పడి ఉంది. హెడ్‌లైటు ముక్కలు ముక్కలు. పెట్రోలు ట్యాంకుకి అరచెయ్యంత సొట్ట. పక్కన ఒక తెల్ల గుర్రం.

బండి కొని నెల కూడా కాలేదు.

"ఎవరిదండీ ఈ బండి?"

పక్కనున్న పశువుల ఆసుపత్రి మెట్ల మీంచి ఒకమ్మాయి అరిచింది. తెల్లకోటు, చేతులకి గ్లవ్స్. డాక్టరే.

"నాదే. ఏమైంది?"

"ఏమైందా? దీని తోక తగిలి మీ బండి సైరన్ మోగింది. అది బెదిరి తన్నింది. కాలు ఎలా చీరుకుపోయిందో చూడండి!"

చూశాను. వెనక కాలి నుంచి రక్తం ధారగా కారుతోంది. గుర్రం తాడు పట్టుకున్న ముసలాయన దాని మెడ నిమురుతున్నాడు. పార్కులో పిల్లల్ని దానిమీద తిప్పడమే ఆయన బతుకుతెరువట.

"చూస్తూ నిలబడతారేం? తల పట్టుకోండి!"

పట్టుకున్నాను.

"మీది కాదు మహాప్రభో! గుర్రానిది!"

పదకొండు కుట్లు వేసింది. వేస్తున్నంతసేపూ, "అయిపోయింది బంగారం, ఇంకొక్కటే" అని దాన్ని బుజ్జగిస్తూనే ఉంది. ఇందాక నా మీద కేకలేసిన గొంతు ఇదేనా! గుర్రం వేడి ఊపిరి నా మెడకి తగులుతోంది. నా చూపు మాత్రం డాక్టరుగారి మీదే ఉంది.

"ఇన్సూరెన్స్ ఉందా?" చేతులు కడుక్కుంటూ అడిగింది.

"ఫుల్ ఇన్సూరెన్సండీ. జంతువులు పాడుచేసినా ఇస్తారు."

"అయితే సాక్షిగా నేను సంతకం పెడతాను. రేపు ఫారం తీసుకురండి."

తీసుకెళ్ళాను. చదువుతూనే ఆమె మొహం జేవురించింది.

"'యజమాని గుర్రాన్ని నిర్లక్ష్యంగా వదిలేశాడు' అని రాశారేంటి? తాడు ఆయన చేతిలోనే ఉందిగా!"

"నో పార్కింగ్‌లో పెట్టాను, సైరన్ మోగింది అని రాస్తే క్లెయిమ్ కొట్టేస్తారేమోనని..."

"ఇది పట్టుకుని కంపెనీవాళ్ళు డబ్బు కట్టమని ఆయన మీదికెళితే? గుర్రాన్ని అమ్ముకోవాలి ఆయన!"

చెంప ఛెళ్ళుమన్నట్టయింది. నా ఒక్క అబద్ధం అంత దూరం పోతుందని నిజంగా తట్టలేదు. ఫారం చింపేసి, అక్కడే కూర్చుని జరిగింది జరిగినట్టు మళ్ళీ రాశాను. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

ఆమె సంతకం పెట్టింది. "అంత పెద్ద నో పార్కింగ్ బోర్డు కనపడలేదా?" అంది.

"లేదండీ."

"ఏం చేస్తుంటారు?"

"కళ్ళద్దాల షాపు."

పడీ పడీ నవ్వింది. నవ్వాపుకోలేక కుర్చీలో కూలబడింది.

అప్పట్నుంచి రోజూ సాయంత్రం గుర్రానికి కట్టు మార్చే వేళకి వెళ్ళేవాణ్ణి. "పట్టుకోండి", "వదలండి" తప్ప ఆమె ఇంకో మాట అనేది కాదు. కుట్లు విప్పిన రోజు గుర్రం కుంటకుండా నడిచింది. ముసలాయన నన్ను కావలించుకుని ఏడ్చేశాడు.

నా మనసులో మాట ఇవాళ ఆమెకి చెప్పేద్దామని గొంతు సవరించుకున్నానో లేదో, ఫోన్ మోగింది. ఇన్సూరెన్స్ సర్వేయర్! క్లెయిమ్ పాసైందట. నమ్మలేక రెండుసార్లు అడిగాను. తీరా వెనక్కి తిరిగితే ఆమె ఇంకో పేషెంటు దగ్గరికి వెళ్ళిపోయింది. మళ్ళీ అక్కడికి వెళ్ళడానికి నాకు వంకే లేకపోయింది.

నాలుగు రోజుల తర్వాత ఆమే మా షాపు తలుపు తోసుకుని వచ్చింది.

"కళ్ళు టెస్టు చెయ్యాలి."

అక్షరాల బోర్డు ముందు కూర్చోబెట్టాను. చిట్టచివరి లైను దాకా గడగడా చదివేసింది.

"మీ చూపు భేషుగ్గా ఉందండీ. అద్దాలక్కర్లేదు."

"తెలుసు."

"మరి?"

"సాయంత్రమైతే తోచట్లేదు. మీరు రావట్లేదుగా."

నా చేతిలో ఫ్రేము జారి టప్పున కిందపడింది.

"అంటే... మీరు... నన్ను..."

"అవును. మీరే చెప్తారని చూశాను. చెప్పే రకంలా లేరు."

కౌంటర్లో ఉన్న నాన్న ఇక ఉండబట్టలేకపోయాడు.

"ఒరేయ్, ఆ అమ్మాయి అంత ధైర్యంగా చెప్తుంటే గుడ్లప్పగించి చూస్తావేంట్రా? నువ్వూ అవునని చెప్పు!"

"అవును," అన్నాను, అక్షరాల బోర్డుకేసి చూస్తూ.

"నాకేసి చూసి చెప్పండి," అంది ఆమె.

చూశాను. చెప్పాను.