దిండులో దాచిన పుస్తకం

డిటెక్టివ్ ఆఫీసులోకి వచ్చినావిడ తలుపు తనే గడియ వేసింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మావారిని తీసుకెళ్ళారండీ. ఇంట్లో పుస్తకం దొరికింది," అంది గుసగుసగా.

డిటెక్టివ్ సహాయకుడు చటుక్కున కిటికీ మూసేశాడు. ఆ ఊళ్ళో పుస్తకమన్న మాటే ఎవరూ పైకి అనరు. దాచినవాడికి జైలు, పట్టించినవాడికి మెచ్చుకోలు. నిదానపు నడక వల్ల 'నత్త' అని పేరుపడ్డ డిటెక్టివ్ మాత్రం తాపీగా కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"పట్టించిందెవరో తెలియాలి. అంతేనా?"

"అంతే. ఆ మనిషి పక్కనే బతుకుతున్నానేమోనని కంటిమీద కునుకు లేదండీ."

ఆమె భర్త దర్జీ. దీపం తగ్గించి తల్లికీ భార్యకీ చదివి వినిపించేవాడు. ఒక బావి తవ్వేవాడి కథ. "పలుగుతో మొదటి దెబ్బ వేశాడు, అంతవరకే విన్నాం," అందామె. సోదాకి ముందురోజే అతను పుస్తకాన్ని అటక మీంచి దించి, నీలం దిండులో పెట్టి కుట్టేశాడు. తనిఖీవాళ్ళు ఇంకేదీ ముట్టుకోకుండా నేరుగా ఆ దిండే కోశారు.

దర్జీ ఇంటికి వెళ్ళి నత్త ముందు పై వాటాలో గడియారాలు బాగుచేసే ఆయన్ని అడిగాడు. "గొణుగుడు వినపడేది, నిజమే. కానీ నేను వాళ్ళ గడప తొక్కి ఎన్నాళ్ళయిందో!" అన్నాడు కంగారుగా.

దర్జీ అన్న మిల్లు కార్మికుడు, అదే ఇంట్లో ఉంటాడు. "నాది రాత్రి షిఫ్టు. ఆ పుస్తకం మొహం కూడా నేను చూళ్ళేదు. అయినా, ఎంత తవ్వినా చుక్క నీరు పడనివాడి కథ కోసం తమ్ముడు జైలుపాలవ్వాలా, చెప్పండి?" అంటూ కళ్ళు తుడుచుకున్నాడు. సహాయకుడు జాలిపడి, గడియారాలాయనే దోషి అని మనసులో ఖాయం చేసుకున్నాడు.

సాయంత్రం నత్త అందరినీ ముందుగదిలో కూర్చోబెట్టాడు.

"పై వాటాకి చప్పుడు వినపడుతుంది, దిండు కనపడదు. కాబట్టి పట్టించింది ఇంటిమనిషే." మిల్లు కార్మికుడి వైపు తిరిగాడు. "మీ తమ్ముడు చదివింది మొదటి దెబ్బ వరకే. నీళ్ళు పడలేదని మీకెవరు చెప్పారు?"

"అమ్మ..."

"నాకే తెలీదు కదరా," అంది తల్లి.

మిల్లు కార్మికుడు తలవంచేశాడు.

"పగలు అందరూ పనుల్లో ఉన్నప్పుడు అటకెక్కి చదివాను. మొత్తం చదివాను. అప్పట్నుంచీ మిల్లులో మేస్త్రీ ఏం చెప్పినా 'ఎందుకు?' అని నోటిదాకా వచ్చేది. ఓ రోజు అనేస్తానని భయమేసింది. పుస్తకం పోతే చాలనుకున్నా. తమ్ముడు దాన్ని దిండులో పెట్టి కుడుతుంటే చూశాను. వాణ్ణి తీసుకెళ్తారని తెలిసినా... తెలియనట్టు వెళ్ళి చెప్పాను."

"చట్టం దృష్టిలో ఈయన మంచి పౌరుడు," అన్నాడు నత్త. "నా పని ఇంతవరకే, అమ్మా."

ఆ 'ఎందుకు' తన గొంతులో ఎన్నిసార్లు ఆగిపోయిందో తలచుకుని సహాయకుడు తల పైకెత్తలేకపోయాడు. గడియారాలాయన మొహం అసలే చూడలేకపోయాడు.

"ఇల్లు వదిలి వెళ్ళిపోతానమ్మా," అన్నాడు మిల్లు కార్మికుడు.

"వద్దు, బావగారూ," అంది మరదలు నెమ్మదిగా. "ఆయన తిరిగొచ్చేదాకా ఇక్కడే ఉండండి. రోజూ అత్తయ్యకీ నాకూ ఎదురుగా కూర్చుని తినండి."

ఆమె లేచి వంటగదిలోకి వెళ్ళి, బావగారికి కంచం పెట్టింది.